ఇంట్లో స్టూడియోకి ఏ ఇంటర్‌ఫేస్? ఫేడర్ బాక్స్ నిజంగా కావాలా? వడపళని నుంచి నా రివ్యూ

నమస్తే అండీ. వడపళనిలో మా ఇంటి రెండో గది నుంచి మాట్లాడుతున్నా. ఫ్యాన్ ఆపేశాను, కిటికీ మూశాను, అయినా ఆర్కాట్ రోడ్డు హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఇవాళ్టి విషయంలో వాటికీ భాగం ఉంది.

ఏ ఇంటర్‌ఫేస్ (మైకు, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) కొనాలి అని అడిగేవాళ్లలో చాలామంది ఎనిమిది ఇన్‌పుట్లది ముందే చూసిపెట్టుకుని అడుగుతారు. నేనూ అంతే. రేపెప్పుడైనా డ్రమ్స్ రికార్డు చేయాల్సి వస్తుందేమో అని పెద్దది కొన్నాను. ఈ గదిలో డ్రమ్ సెట్టా! తబలా వాయిస్తేనే కింది వాటా అమ్మగారు మెట్లెక్కి వచ్చేస్తారు. మూడేళ్లలో మూడో ఇన్‌పుట్‌లో ఒక్కసారి కూడా కేబుల్ పెట్టలేదు, చివరికి అమ్మేశాను. మీ గదిలో ఒకేసారి ఎన్ని మైకులు తెరుస్తారో నిజాయితీగా లెక్కపెట్టుకోండి. పాడేవాళ్లు ఒకరు, గిటార్ ఒకటి. రెండు చాలు.

ఇక డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) అని పెద్దగా రాసి ఉంటుంది, దాన్ని వదిలేసి గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని ఎంత పెంచగలదో చూడండి. ఎందుకంటే మన ఇళ్లలో చిన్న చప్పుడునీ పట్టేసే కండెన్సర్ మైకు పెడితే పాటతో పాటు కూరగాయల బండి, నీళ్ల ట్యాంకర్, పక్కింటి కుక్కర్ అన్నీ వస్తాయి. అందుకని చాలామంది షూర్ ఎస్ఎం7బి లాంటి, చుట్టుపక్కల చప్పుడు అంతగా పట్టని డైనమిక్ మైకుకి మారతారు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకుకి పంపే కరెంటు) అక్కర్లేదు గానీ గెయిన్ బాగా కావాలి, కనీసం 60 డెసిబెల్స్. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో జనరేషన్‌లో 56 వరకే ఉండేది, కాబట్టి నాబ్ మొత్తం తిప్పి, చాలక మధ్యలో ఇంకో బూస్టర్ డబ్బా కొనేవాళ్లు. 2023లో వచ్చిన నాలుగో జనరేషన్‌లో అది 69 అయింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ జనరేషనో తప్పకుండా అడగండి, రంగు ఒకటే ఎరుపు, బొమ్మ చూసి మోసపోతారు.

మోటూ ఎం2 నాకు ఇంకో కారణానికి ఇష్టం. ముందు వైపు చిన్న స్క్రీన్ మీద లెవెల్ కనిపిస్తుంది. పాడేదీ మనమే, రికార్డు నొక్కేదీ మనమే అయినప్పుడు, మైకు దగ్గర నిలబడి అంత దూరం నుంచి మీటర్ చూసుకోగలగడం చాలా హాయి. బడ్జెట్ బాగా టైట్ అయితే బెరింజర్ యూఎంసి202హెచ్‌డి తీసుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

లేటెన్సీ, అంటే మనం పాడింది హెడ్‌ఫోన్స్‌లో వినిపించేలోపు అయ్యే ఆలస్యం గురించి టెన్షన్ పడేవాళ్లకి ఒక లెక్క. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శాంపిళ్లు) 128 పెడితే అది సుమారు 2.7 మిల్లీసెకన్లు. రానూ పోనూ రెండుసార్లు, పైన డ్రైవర్ తీసుకునేది కొంత. శబ్దం గాలిలో మీటరు దూరం రావడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే మీ స్పీకర్ కొంచెం వెనక్కి జరిగినట్టు, అంతే. విండోస్ వాళ్లు మాత్రం కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ (ఈ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. పాడేటప్పుడు డైరెక్ట్ మానిటర్ ఆన్ చేసుకుంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే వినిపిస్తుంది, ఈ గొడవే ఉండదు.

ఆఁ, రికార్డింగ్‌లో గుయ్యిమని హమ్ వస్తే ఇంటర్‌ఫేస్‌ని తిట్టేముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. నేను రెండు రోజులు కేబుళ్లన్నీ మార్చాను, తీరా చూస్తే తప్పు చార్జర్‌ది.

ఇప్పుడు కంట్రోల్ సర్ఫేస్, అదే ఫేడర్ బాక్స్: మౌస్ బదులు చేత్తో వాల్యూమ్ జరిపే స్లైడర్ల (ఫేడర్ల) పెట్టె. ఇక్కడే డబ్బు ఎక్కువ తగలేస్తాం. మీరు చేసే పని కీబోర్డు మీద స్ట్రింగ్స్ వాయించి పంపడమే అయితే వాటంతట అవే కదిలే మోటార్ ఫేడర్లు వద్దు. కోర్గ్ నానోకంట్రోల్2 చాలు, ఎనిమిది స్లైడర్లు, ఎనిమిది నాబ్‌లు. రెండు స్లైడర్లకి సీసీ1, సీసీ11 (వాయిద్యం బలాన్ని మార్చే మిడి సంకేతాలు) ఇచ్చేసుకుంటే కుడి చేత్తో వాయిస్తూ ఎడమ చేత్తో వయొలిన్లు ఉబ్బేలా, తగ్గేలా చేయొచ్చు. స్లైడర్ పొట్టిది, 0 నుంచి 127 దాకా అంతా ఆ కాస్త దూరంలోనే, చెయ్యి వణికితే వయొలిన్ కూడా వణుకుతుంది. వారం రోజులకి అలవాటవుతుంది.

దాంతో మిక్స్ చేద్దామంటే మాత్రం కష్టం. దానికి మోటార్ లేదు కదా, పాటలో ట్రాక్ కింద ఉంటుంది, మీ స్లైడర్ పైన ఉంటుంది, ముట్టుకోగానే వాల్యూమ్ ఎగిరి నెత్తికెక్కుతుంది.

మా నెల్లూరు బావ వచ్చి ఒక పాట పాడివెళ్లాడు. బావ గొంతు బాగుంటుంది, ఊపిరే తక్కువ. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, లైను చివరికొచ్చేసరికి ఆ ఆఖరి అక్షరం గాలిలో కలిసిపోతుంది. పెద్ద శబ్దాన్ని అణిచి చిన్నదాన్ని పైకి తెచ్చే కంప్రెసర్ గట్టిగా బిగిస్తే ఆ అక్షరంతో పాటు బావ ఊపిరి పీల్చే చప్పుడూ పైకొస్తుంది. మౌస్‌తో వాల్యూమ్ గీత మీద ఒక్కో చుక్కా పెడుతూ కూర్చుంటే పల్లవికే అరగంట. అప్పుడు తెచ్చాను ఈ ప్రీసోనస్ ఫేడర్‌పోర్ట్. ఒకే ఫేడర్, 100 మిల్లీమీటర్లు, మోటార్‌ది, వేలు తగిలితే దానికి తెలుస్తుంది. ఫేడర్ కదలికల్ని గుర్తుపెట్టుకునే ఆటోమేషన్‌ని టచ్ మోడ్‌లో పెట్టి, కళ్లు మూసుకుని, ప్రతి లైను చివర కొంచెం పైకి నెడతాను. వేలు తీయగానే పాత చోటికి తనే వెళ్లిపోతుంది. లాచ్‌లో పెడితే వదిలిన చోటే ఉండిపోతుంది, గొంతుకి అది పనికిరాదు. పాట మొత్తం రెండు సార్లు ప్లే చేసేసరికి అయిపోయింది.

తొమ్మిది ఫేడర్ల బెరింజర్ ఎక్స్‌టచ్ చూడ్డానికి భలే ఉంటుంది, వీడియోల్లో ఇంకా బాగుంటుంది. కానీ ఒకసారికి ఒక గొంతే సరిచేస్తాం, మిగతా ఎనిమిదీ టేబుల్ ఆక్రమించుకుని కూర్చుంటాయి. కావాలంటే ఎక్స్‌టచ్ వన్ చూడండి, అదీ ఒకే ఫేడర్. ఏది కొన్నా మాకీ కంట్రోల్ మోడ్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లకి అర్థమయ్యే ఉమ్మడి భాష) ఉందో లేదో చూసుకోండి, అది ఉంటే రీపర్, క్యూబేస్, లాజిక్ అన్నింట్లో పనిచేస్తుంది. రేట్లు నేను చెప్పను, వారానికోసారి మారతాయి. మన రిచీ స్ట్రీట్‌కి వెళ్లేముందు ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో చూసి పెట్టుకోండి.

సరే, బావ పాట వినిపిస్తా, ముందు ఫేడర్ ముట్టుకోనిది, తర్వాత ముట్టుకున్నది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో తేడా తెలీదు.