పడుకునే ముందు పాడే కీర్తన

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఒక్క పాట గురించే చెబుతాను. చిన్న పాట, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

పాతకాలపు లాటిన్ చర్చిలో నిద్రకు ముందు చేసే చివరి ప్రార్థన పేరు కంప్లిన్. అందులో పాడే కీర్తన 'తే లూచిస్ ఆంతే తెర్మినుమ్'. వెలుగు పోకముందే నిన్ను వేడుకుంటున్నాం, మమ్మల్ని కాపాడు సృష్టికర్తా అని మొదలవుతుంది.

దీన్ని స్వరపరిచిన ఇంగ్లండు స్వరకర్త థామస్ టాలిస్, ఎనిమిదో హెన్రీ రాజు నుంచి మొదటి ఎలిజబెత్ రాణి దాకా నలుగురు పాలకుల కొలువులో ఉన్నాడు. ఆ కాలంలో ఇంగ్లండు చర్చిలో ప్రార్థన లాటిన్ నుంచి ఇంగ్లీషుకు మారింది. అయినా 1575లో టాలిస్, మరో స్వరకర్త విలియమ్ బర్డ్ కలిసి 34 లాటిన్ పాటలు అచ్చువేసి ఎలిజబెత్ రాణికే అంకితమిచ్చారు. ఈ కీర్తన అందులో రెండు వరసల్లో ఉంది. పండగలకు ఒకటి, మామూలు రోజులకు ఒకటి. నాకు మామూలు రోజులదే ఇష్టం.

కీర్తనకు మూడు చరణాలు. మొదటిది అందరూ ఒకే గొంతుగా పాడతారు. తాళం లేదు, వాద్యం లేదు, వట్టి వరస. రెండో చరణం రాగానే గొంతులు అయిదుగా విడిపోతాయి, ఒక్కో గొంతుది ఒక్కో వరస. పీడకలలు దూరంగా పోవాలి, రాత్రి భ్రమలు తొలగిపోవాలి, మా శత్రువును అణచివెయ్యి అని అడిగే చరణం అది. భయం గురించిన మాటలు. అయినా టాలిస్ ఎక్కడా హడావిడి చేయడు. అయిదు గొంతులూ దాదాపు కలిసే అడుగేస్తాయి, మాట చెదరదు. మూడో చరణంలో మళ్లీ ఒకే గొంతు. భయాన్ని పలికే చోటే అన్ని గొంతులు తోడు రావడం నాకెంతో నచ్చుతుంది.

శృతి మీద ఒకే రాగం వినే అలవాటున్న మనకు అయిదు గొంతులు ఒక్కసారిగా వస్తే దేన్ని పట్టుకోవాలో తోచదు. టెన్షన్ పడకండి. అన్నిటికన్నా హెచ్చు స్థాయిలో పాడే పై గొంతును పట్టుకోండి. మొదటి చరణంలో విన్న వరసే అక్కడ ఉంటుంది. పై గొంతు, పై గొంతు, అంతే. రెండోసారి వినేటప్పుడు అన్నిటికన్నా కింది గొంతు మీద దృష్టి పెట్టండి.

వెతికేటప్పుడు మాత్రం మూడు చరణాలూ పాడిన రికార్డింగే ఎంచుకోండి. ఒంటి వరస ముందు చెవిన పడితేనే పై గొంతును గుర్తుపట్టగలరు.