అరిస్తే మంచు విరిగిపడదండీ!

(బల్ల మీద స్టీలు పళ్ళెం, పంచదార డబ్బా, వేరుశనగ అచ్చు)

గుల్మార్గ్‌కి స్కీయింగ్‌కి వెళ్తున్నానంటే చాలు, బెజవాడలో అందరిదీ ఒకటే జాగ్రత్త. మా మేనత్త అయితే బస్సెక్కేదాకా చెప్పింది: "అక్కడ గట్టిగా అరవమాక నాన్నా, మంచు మీద పడుద్ది." ప్రేమతోనే అంటారు. కానీ నోరు మెదపకపోతే క్షేమం అనుకుని అసలు ప్రమాదం మీదికి వెళ్లేవాళ్ళున్నారు, నా బాధ అది. అరుపుకి అంత బలం లేదండీ. బాంబు పేలుడుకుంది, అందుకే స్కీ పెట్రోల్ వాళ్ళు (స్కీ వాలుల్లో భద్రత చూసే గస్తీ బృందం) పేలుడు పదార్థాలతో మంచుని ముందే దింపేస్తారు.

ఇక్కడ చూడండి. పళ్ళెంలో పంచదార పరిచాను. దాని మీద వన్‌టౌన్‌లో కొన్న వేరుశనగ అచ్చు. వేలితో కొడితే టక్‌మంటోంది, అంత గట్టిది. పళ్ళెం మెల్లగా వంచుతున్నా... కదల్లేదు. "హేయ్!" అరిచాను. కదల్లేదు. ఇప్పుడు ఒక్క వేలు ఆనిస్తా. (అచ్చు జర్రున జారుతుంది) చూశారా? కింద పంచదార పలుకులెలా దొర్లాయో! ఒకదాన్నొకటి పట్టుకోవు.

కొండ మీదా ఇంతే. చలికాలం మొదట్లో పల్చగా పడ్డ మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన గాలి అంతకన్నా బాగా చల్లన. ఆ తేడాకి ఆవిరి మంచులోంచి పైకి పాకుతూ రేణువుల్ని కోసుగా, పొడిపొడిగా మార్చేస్తుంది. స్కీయర్లు దీన్ని షుగర్ స్నో అనే అంటారు. తర్వాత పెద్ద మంచు పడి, గాలికి ఒక పక్క పేరుకుని అట్టకడుతుంది. అచ్చు తయారైంది.

దాని మీద మీరు. మీ బరువుకి కింద పంచదార ఒక్కచోట కుంగితే చాలు, పగులు క్షణాల్లో వాలంతా పాకి, అచ్చు మీకు పైనెక్కడో విరుగుతుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డులో వానకి నానిన కొండచరియ దానంతటదే పడుతుంది. మంచుచరియల కింద ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో మాత్రం దాదాపు 90 శాతం, ఆ మనిషో తోడొచ్చినవాళ్ళో కదిలించినవే. "ముందు నలుగురు వెళ్లారుగా" అనుకోవద్దు. అచ్చు అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. పల్చటి చోటు ఐదో మనిషి స్కీ కిందికి రావచ్చు.

ఎక్కువ జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. స్కీయింగ్‌కి మజా వచ్చేదీ ఆ వాలులోనే. కాలి కింద ధబ్బున కుంగిన చప్పుడొచ్చినా, స్కీల ముందు పగుళ్లు పాకినా వెంటనే వెనక్కి తిరగండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార: మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. కూరుకుపోయాక మొదటి 10, 15 నిమిషాలే కీలకం. రెస్క్యూ టీమ్ వచ్చేదాకా ఆగితే కుదరదు, మీ స్నేహితుడే తవ్వి తీయాలి. అనుమానమున్న వాలు ఒక్కొక్కరుగా దాటండి. మంచుచరియల ప్రమాద హెచ్చరికల స్కేలు 1 నుంచి 5 వరకు. 3 అంటే "పర్లేదు" అని కాదు, చాలా ప్రాణాలు పోయేది ఆ రోజుల్లోనే. గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో ఫేజ్ అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో దింపుతుంది. స్కీ పెట్రోల్ వాళ్ళ హద్దు దాటితే బ్యాక్‌కంట్రీయే, అంటే మంచుని ఎవరూ ముందే దింపని కొండ. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్ మంచుచరియల్లో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. గైడ్ లేకుండా ఆ హద్దు దాటొద్దు. దాటేముందు ఆయన్ని అడగండి: "ఇవాళ కింద పంచదార ఉందా?"