6 కిలోవాట్ల ఇడ్లీ స్టీమ్ బాక్సు రివ్యూ: ఆవిరి లెక్క తెలిశాకే కొనండి

నమస్కారమండీ. తిరుపతి బస్టాండు చుట్టూ, అలిపిరి దారిలో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకి పనికొచ్చే మెషిన్ ఇది. అడుగున 6 కిలోవాట్ల కరెంటు బాయిలరు, పైన ప్లేట్ల అర. వాయికి 100 ఇడ్లీ. గంటకి 15 కిలోల ఆవిరి వస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ మాట నమ్మకండి. రాదు.

కిలో నీళ్లని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి కాచడానికి 293 కిలోజౌళ్లు చాలు. అవే నీళ్లు, వేడి 100 దాటి రవంత కూడా పెరగకుండా, ఆవిరి కావాలంటే ఇంకో 2,257 పోయాలి. దాదాపు ఎనిమిది రెట్లు! బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. రెండూ కలిపి 2,550. ఒక కిలోవాటు గంటకి ఇచ్చేది 3,600, అంటే 1.4 కిలోల ఆవిరి. ఆరు కిలోవాట్లకి ఎనిమిదిన్నర కిలోలు, అదీ బాడీ నుంచి వేడి ఏమీ పోకుంటే.

మరి వంద ఇడ్లీకి అది సరిపోతుందా? సరిపోతుంది. ఇడ్లీకి 60 గ్రాముల చొప్పున 6 కిలోల పిండి ఉడకడానికి సుమారు 1,500 కిలోజౌళ్లు, ప్లేట్లు కాగడానికి ఇంకో 200. చల్లటి పిండిని తాకి ముప్పావు కిలో ఆవిరి నీరైతే ఆ వేడంతా దిగిపోతుంది. పది నిమిషాల్లో ఈ బాయిలరు 1.4 కిలోలు ఇస్తుంది. అదే వేడిని మరిగే నీళ్లతో, అవి 5 డిగ్రీలు చల్లబడేలా ఇవ్వాలంటే 80 కిలోల నీళ్లు పారించాలి. అందుకే ఆవిరి.

ఇప్పుడు అసలు లోపం. దీంట్లో గాలి పోయే రంధ్రం పైన పెట్టారు. ఆవిరి గాలికన్నా తేలిక, పైకి పోయి అక్కడినుంచే బయటికి పోతుంది. గాలి కింద ప్లేట్ల దగ్గర నిలబడిపోతుంది. సగం గాలి, సగం ఆవిరి ఉన్నచోట ఆవిరి 81 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. పై ఇడ్లీ పూర్తిగా ఉడికినా అడుగు వరస పచ్చిగా ఉండేది ఇందుకే. ఆ రంధ్రాన్ని (వెంటు) కిందికి మార్పించుకోండి. మొదటి రెండు నిమిషాలు పూర్తిగా తెరిచి, ఆవిరి ధారగా వచ్చాక సగం మూయండి.

హై ప్రెషర్ మోడల్‌కి జాస్తి డబ్బు పెట్టొద్దు. సున్నా డిగ్రీల నీళ్ల నుంచి లెక్కిస్తే కిలో ఆవిరిలో మొత్తం వేడి 100 డిగ్రీల్లో 2,676 కిలోజౌళ్లు, పది బార్ల ప్రెషర్లో (మామూలు గాలి ఒత్తిడికి సుమారు పదింతలు) 180 డిగ్రీల్లో 2,778. తేడా నాలుగు శాతం. తిరుమల అన్నప్రసాదం వంటకి పెట్టిన 106 సోలార్ డిష్‌ల వ్యవస్థ 180 డిగ్రీల ఆవిరికే కట్టింది, కానీ అది పైపుల్లో పోయి వేలమందికి వండాల్సిన ఆవిరి. పెట్టెలో ఇడ్లీకి అది అనవసరం.

బోరు నీళ్లు పోసేవాళ్లు జాగ్రత్త. ఆవిరి పోతుంది, ఉప్పు లోపలే మిగులుతుంది. హీటరు మీద తెల్ల పొర కట్టిందంటే వేడి నీళ్లకి చేరక రాడ్డు కాలిపోతుంది. రోజూ పని అయ్యాక, బాయిలరు చల్లారనిచ్చి అడుగు వాల్వు తిప్పి నీళ్లన్నీ దించేయండి. నీళ్లు తగ్గితే తానే ఆగే స్విచ్ ఉందో లేదో కొనేటప్పుడే చూపించమనండి. సింగిల్ ఫేజ్‌లో 26 ఆంపియర్లు లాగుతుంది, మామూలు 16 ఆంపియర్ల సాకెట్లో పెట్టకండి.

తలుపు తీసేముందు బాయిలరు ఆపి, అర నిమిషం ఆగి, పక్కకి నిలబడి తీయండి. ఒక గ్రాము మరిగే నీళ్లు చర్మం మీద పడి శరీరపు వేడికి దిగేలోపు ఇచ్చేది 63 కేలరీలు, ఒక గ్రాము ఆవిరి ఇచ్చేది 603. తెల్లగా కనిపించే పొగ అప్పటికే నీటి బిందువులుగా మారినది. దానికి ముందు, తలుపు సందు దగ్గర ఖాళీగా కనిపించే చోటే అసలు ఆవిరి ఉంటుంది. చెయ్యి అక్కడ పెట్టకూడదు.