స్పిండిల్ బేరింగులు మార్చే ముందు

తమ్ముడు: అందరికీ నమస్కారం. మడికొండ షెడ్డు నుంచి మాట్లాడుతున్నాం. మెషిన్‌లో పనిముట్టును పట్టి తిప్పే ఇరుసును స్పిండిల్ అంటాం. దాని బేరింగులు మార్చే పద్ధతి ఈసారి చెబుతామని మాట ఇచ్చాం కాబట్టి నేరుగా అందులోకే వస్తున్నాను. జతగా వచ్చిన యాంగ్యులర్ కాంటాక్ట్ (అక్షం వెంట పడే బరువునూ మోసే) బేరింగులను వేరు చేయకూడదు, గ్రీజు ఎక్కువైతే అవి వేడెక్కుతాయి, ఇక ప్రీలోడ్, అంటే వదులు లేకుండా ముందే పెట్టే ఒత్తిడి, విషయానికి వస్తే...

అన్న: ఆగు తమ్మీ. బేరింగే పోయిందని ఎలా తేల్చావు? స్పిండిల్ మూతిలో హోల్డర్ కూర్చునే ఏటవాలు రంధ్రం, అదే టేపరు, తుడిచావా?

తమ్ముడు: తుడిచాను అన్నా, తెల్ల పంచె ముక్కతోనే. మన మిల్లింగ్ మెషిన్‌లో టెస్ట్ బార్ (కొలతకు వాడే తిన్నని కడ్డీ) బిగించి చేత్తో తిప్పితే, 300 మిల్లీమీటర్ల దూరంలో డయల్ గేజి ముల్లు 0.08 మిల్లీమీటర్లు తిరిగింది. రైస్‌మిల్లు షాఫ్టులకు కొట్టిన కీవేలు (కీ కూర్చునే గాడులు) వెడల్పుగా వస్తున్నాయి. బేరింగును కాక దేన్ని అనుమానించాలి?

అన్న: ముల్లు 0.08 తిరిగితే అక్షం పక్కకు జరిగింది 0.04 మాత్రమేనని ముందు గుర్తుంచుకో. ఎంత తిరిగిందో ముల్లు చెబుతుంది గాని, దేనివల్ల తిరిగిందో చెప్పదు. బార్ వంగి ఉండవచ్చు, టేపరు గోడపై బర్రు (పైకి లేచిన లోహపు అంచు) ఉండవచ్చు, టేపరే బేరింగుల అక్షానికి వంకరగా ఉండవచ్చు, బేరింగే అరిగి ఉండవచ్చు; అన్నింటికీ డయల్ మీద ఒకే అంకె కనిపిస్తుంది. ముల్లును నేరుగా టేపరు లోపలి గోడకు ఆనించి చూశావా?

తమ్ముడు: చూశాను. మూతి దగ్గర 0.005 దాటలేదు.

అన్న: బార్‌ను అర చుట్టు తిప్పి మళ్లీ బిగించావా?

తమ్ముడు: బిగించాను. అప్పుడు 0.05 వచ్చింది. ముల్లు ఎక్కువగా లేచే చోటు మాత్రం స్పిండిల్ మీద సుద్దతో పెట్టిన గీత దగ్గరే నిలిచింది.

అన్న: ఆ చోటు కదలలేదు కాబట్టి రెండింటి సగటు, అంటే 0.065, స్పిండిల్ వైపుది, మిగిలిన 0.015 బార్‌ది. బేరింగును మాత్రం ఇంకా పక్కన పెట్టు. బాల్స్‌ను పట్టుకున్న కేజ్ స్పిండిల్ అయిదు చుట్లు తిరిగే సరికి సుమారు రెండు చుట్లే తిరుగుతుంది కాబట్టి, తప్పు బాల్స్‌లో ఉంటే ముల్లు ప్రతి చుట్టులోనూ ఒకే చోట లేవదు. నీకు ఒకే చోట లేస్తోంది. మూతి కింద కర్ర పెట్టి పైకి ఎత్తి చూడు. వదిలిన తరువాత ముల్లు మొదటి చోటికి రాకపోతే అప్పుడు వదులు గురించి మాట్లాడుకుందాం.

తమ్ముడు: ఎత్తి చూశాను, మొదటి చోటికే వచ్చింది. అయితే టేపరును మెషిన్‌లోనే గ్రైండింగ్ చేయిస్తాను. రేపు గిరాకి వస్తాడు అన్నా, ఆయనకు ఏం చెప్పాలి?

అన్న: గ్రైండింగ్ మాత్రం చేయించకు. నలభై నంబరు టేపరు వాలు 7:24, అంటే 24 పొడవుకు వ్యాసం 7 తగ్గుతుంది. గ్రైండింగ్‌లో వ్యాసం 0.02 పెరిగితే హోల్డర్ దాదాపు 0.07 లోపలికి కూర్చుంటుంది. నేను ఒకసారి తొందరపడి ఒక టేపరును గ్రైండింగ్ చేశాను. లోపల ఉన్నది చిన్న బర్రు అని తరువాత తెలిసింది. తీసిన ఇనుము తిరిగి రాలేదు, ఆ మెషిన్ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తమ్ముడు: ఆ మాట నాకు ఇంతవరకు చెప్పలేదు మీరు.

అన్న: ఇప్పుడు చెప్పాను. మళ్లీ తుడువు. బార్ టేపరు చివరకు నీలం (తాకిన చోటు చూపే రంగు) పలుచగా రాసి లోపల అదిమి తీయి. చుట్టూ సమానంగా అంటిందా?

తమ్ముడు: మూతి దగ్గర చుట్టూ అంటింది. లోపలి చివర ఒక వైపే అంటింది అన్నా.

అన్న: ఆ వైపున వేలు పెట్టి మెల్లగా తడుము.

తమ్ముడు: ఏదో తగులుతోంది. గీతో బర్రో తెలియడం లేదు.

అన్న: లైటు ఇటు పట్టు.