బుద్ధుడి విగ్రహమే లేని గుడి! తొట్లకొండ స్తూపాన్ని కూల్చింది వాన కాదు

ఆగండాగండి, స్కిప్ కొట్టకండి. 2019 అక్టోబరులో మన విశాఖపట్నం దగ్గర తొట్లకొండ మీది బౌద్ధ మహాస్తూపం కూలింది కదా, అప్పట్నుంచి ఎవర్ని కదిపినా ఒకటే మాట: "వానకి పడిపోయిందండీ". నేనొప్పుకోను! వాన కోసమే కట్టుకున్న కొండండీ అది. వాన మీద నేరం మోపుతారా?

మొన్న పొద్దున్నే రుషికొండ దాటి, భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గర కొండెక్కాం. పైన ఒక పెద్దాయన, ఇద్దరు మనవలతో వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. "బాబూ, గుడెక్కడ? దేముడేడి?" అన్నారు. మీరు నిలబడ్డదే గుడి తాతగారూ అన్నాను. ఆ తొలికాలంలో బుద్ధుడికి విగ్రహం లేదు. స్తూపం చుట్టూ ప్రదక్షిణ, రాతిలో చెక్కిన పాదాలకి దణ్ణం, అంతే. ఆయన ఇంకో మాట అడగలేదు. మనవల చెయ్యి పట్టుకుని మూడుసార్లు చుట్టూ తిరిగొచ్చారు. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. వాననీళ్ళు పట్టుకోడానికి కొండరాయిని తొలిచి 11 తొట్లు చేశారు. పదకొండు! భిక్షువులు ఏడాదంతా ఊళ్ళు తిరుగుతారు, వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకేచోట ఉండిపోవాలి. వర్షావాసం అంటారు. ఆ గదులు, వంటశాల, భోజనశాల అన్నీ చూడండి. పై నుంచి పడ్డ చుక్క కిందికి జారిపోకుండా పట్టుకున్న మనుషులు వాళ్ళు.

ఇంకోటి చెప్తాను, ఇది నా సొంత సిద్ధాంతం. విహారం, అంటే భిక్షువులుండే ఆ మఠం, పాడుబడింది, బుద్ధుణ్ణి మనవాళ్ళు మర్చిపోయారు. నేవీ వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తే గానీ మళ్ళీ కంటబడలేదు. 1988లో తవ్వకాలు మొదలెడితే రోమన్ నాణేలు కూడా బయటపడ్డాయి. అన్నీ మర్చిపోయిన జనం ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. నీళ్ళు! తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. ఆ పక్క కొండ మీదా బౌద్ధ విహారమే, దాని పేరేంటి? బావికొండ! పేరులో నీళ్ళు దాచుకున్న కొండలండీ ఇవి.

అలాంటి చోట స్తూపం వానకి కూలిందంటే నేనేమనుకోవాలి? నీళ్ళు ఎటు పోతున్నాయో చూసే మనిషి లేక కూలింది. నా మాట ఇదే, ఎవరేమనుకున్నా ఇదే! తర్వాత మళ్ళీ కట్టి నిలబెట్టారు, సంతోషం. కానీ నీళ్ళ దారి సంగతి? ఎవరైనా అడిగారా?

నేను అడుగుతాను. ఈసారి పెద్ద వాన పట్టిన రోజు గొడుగేసుకుని లైవ్ పెడతాను. స్తూపం చుట్టూ నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పారుతున్నాయో అడుగడుగూ చూపిస్తాను. మధురవాడ, భీమిలి వైపు వాళ్ళు, మీరూ రండి.