అక్క ఇచ్చిన కిడ్నీ

అధ్యక్షులవారికి, వైద్యులకు, మందుల సంచులతో ఎండనపడి వచ్చిన రోగులకు, వారి ఇంటివారికి నమస్కారం. ప్రపంచ కిడ్నీ దినోత్సవం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చెప్పవలసింది, మార్పిడి చేసిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ గురించి.

నా తమ్ముడికి నా ఎడమ కిడ్నీ ఇచ్చాను. వాడు ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ మాత్ర తప్పనిచ్చేవాడు కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఉన్నా, వాచీ చూసుకొని సీసాలో నీళ్ళతో మింగేవాడు. ఏడో నెలలో, కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.3 నుంచి 2.6కు పెరిగింది. శరీరం కిడ్నీని తిరస్కరిస్తోందనుకొని ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఆ తరువాత కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే బీకే వైరస్ అని తేలింది. రోగనిరోధక శక్తిని అణచే మందులు తగ్గించవలసిన సమయంలో వాటిని పెంచారన్నమాట. అంతవరకు ఒక్కసారైనా రక్తంలో ఆ వైరస్ కోసం చూడలేదు. ఏడాదిన్నరకు వాడు మళ్ళీ డయాలసిస్ మంచమెక్కాడు.

ఈ వైరస్‌ను 1971లో లండన్‌లో ఒక కిడ్నీ మార్పిడి రోగి మూత్రంలో కనుగొన్నారు. ఆయన పేరులోని పొడి అక్షరాలే దాని పేరయ్యాయి. మనలో చాలామందికి చిన్నతనంలోనే సోకి, కిడ్నీలలో అణగి ఉంటుంది. దాత కిడ్నీతోపాటు కూడా వెళ్ళవచ్చు. నా కిడ్నీతోనే వెళ్ళిందేమోనన్న ఆలోచన నన్ను ఇంకా వదలలేదు.

ఇన్నేళ్ళయినా దీనికి ఆమోదం పొందిన మందు లేదు. మాత్రలు తగ్గిస్తే వైరస్ తగ్గవచ్చు గాని, కిడ్నీని శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. అందుకే, వైరస్‌ను అడ్డుకొనే ప్రొటీన్లయిన యాంటీబాడీల ప్రయోగాలపై నాకు ఇంత ఆశ. స్విట్జర్లాండ్ సంస్థ మెమో థెరప్యూటిక్స్ రూపొందించిన పోట్రావిటగ్ అటువంటిదే: నరం ద్వారా ఎక్కించే ఈ యాంటీబాడీ వైరస్ పైపొరలోని వీపీ1 ప్రొటీన్‌ను పట్టుకొని, అది కణంలోకి చొరబడకుండా చూస్తుంది. ఇది ఇంకా ప్రయోగదశలోనే ఉంది కనుక, దీన్ని నమ్ముకొని ఎవరూ మాత్రలు సొంతంగా తగ్గించుకోవద్దు, మానవద్దు. మీ కాళ్ళకు మొక్కి చెబుతున్నాను.

మనకు ఇప్పటికే ఉన్నది రక్తపరీక్ష. మార్పిడి తరువాత మొదటి తొమ్మిది నెలలు నెలనెలా, ఆపైన రెండేళ్ళు నిండేదాకా మూడు నెలలకొకసారి చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోనసీమలోనే నమూనా తీసుకొని, ఫలితం వేళకు అందించే ఏర్పాటు కావాలని విన్నపం రాశాం. ఆ కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. దయచేసి సంతకం చేసి వెళ్ళండి.