పంటి పాచికీ గుండె వాల్వుకీ ఏం సంబంధం?

నమస్కారం. మొన్న ఒక పెద్దావిడ పళ్ళు క్లీన్ చేయించుకోవడానికి వచ్చారు. బీపీ, షుగర్ లేవన్నారు. మెషిన్ ఇంకా ఆన్ చేయలేదు, గదంతా నిశ్శబ్దం. ఆవిడ ఛాతీలోంచి చేతి గడియారంలా టిక్, టిక్ అని వినిపించింది. "అమ్మా, గుండె ఆపరేషన్ అయిందా?" అన్నాను. "వాల్వ్ మార్చి ఎనిమిదేళ్లయింది బాబూ. పళ్ళకీ దానికీ ఏం సంబంధం?" అన్నారు.

అదే వారం గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న జాలీ గొట్టం) ఉన్న ఒకాయన, పన్ను తీయించుకోవాలని ఐదు రోజులు యాంటీబయోటిక్ మింగి వచ్చారు. ఆయనకది అక్కర్లేదు. నాకు బాధ కలిగించేది ఇదే.

పొలం కాలువ గుర్తు తెచ్చుకోండి. సిమెంటు నున్నగా ఉన్నచోట పాచి నిలవదు. పెచ్చు ఊడినచోట, అతుకు వేసినచోట పడుతుంది. పంటి చిగురు కదిపినప్పుడు నోటిలోని స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. మామూలు గుండెలో అది జారిపోతుంది. కృత్రిమ వాల్వు అంటే కాలువలో అతుకు. అక్కడ పట్టుకుంటే ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకూ వాల్వులకూ ఇన్ఫెక్షన్: వారాల తరబడి ఇంజెక్షన్లు, ఒక్కోసారి మళ్ళీ ఆపరేషన్. స్టెంట్ సంగతి వేరు. దాని మీద పొర పెరిగి రక్తనాళం గోడలో కలిసిపోతుంది.

ఇంకో మాట. పళ్ళు తోముకున్నా, నమిలినా కూడా బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. చిగుళ్ళు వాచి ఉంటే ఇంకా ఎక్కువ. ఎప్పుడో ఒకసారి పన్ను తీసే రోజు కన్నా, రోజూ కాలువలోకి దిగే ఈ పాచే పెద్ద సమస్య. అందుకే 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పంటి పనికి ముందు ఇచ్చే యాంటీబయోటిక్‌ను కొద్దిమందికే పరిమితం చేసింది: కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళు, ఎండోకార్డైటిస్ ఒకసారి వచ్చినవాళ్ళు, కొన్ని పుట్టుకతో వచ్చే గుండె లోపాలున్నవాళ్ళు, గుండె మార్పిడి తర్వాత వాల్వు దెబ్బతిన్నవాళ్ళు. రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు పాడైన జబ్బు విషయంలో అన్ని దేశాల మాటా ఒకటి కాదు, మీ కార్డియాలజిస్టును అడగండి.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్తాను. పెద్దలకు సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. డాక్టర్ రాస్తేనే. పెన్సిలిన్ పడనివాళ్ళకూ, రుమాటిక్ జ్వరానికి నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకూ వేరే మందు. పంటి ఎక్స్‌రేకి ఈ మందు అక్కర్లేదు. రక్తం పలచబరిచే మాత్ర మీ అంతట మీరు ఆపకండి, వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. వాల్వు కార్డు పర్సులో పెట్టుకుని రండి. పంటి పని తర్వాతి వారాల్లో జ్వరం తగ్గకపోతే మెడికల్ షాపులో యాంటీబయోటిక్ కొనకండి. ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష) చేయించాలి, మందు పడ్డాక అందులో క్రిమి దొరక్కపోవచ్చు.